ఆటస్థలమున మన బిడ్డలు

ఈ సంవత్సరము మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభలో క్రికెట్టు ఆటను గూర్చి రెండు అభిప్రాయములు వెలువడినవి. తొమ్మిదవ తరగతి మొదలుకొని పిల్లలను ఆట మాన్పించి ఆ కాలమును చదువునకు వినియోగింపవలెనని కొందరు పెద్దలు కోరిరి. ఆట ఉండవచ్చును గాని, తెలుగు పిల్లలతో మాత్రమే ఒక జట్టును కూర్చి మన సంఘములవారు నడపు పోటీలకు పంపవలెనని మరికొందరు సూచించిరి. రెండును బిడ్డల మేలు కోరి చెప్పిన మాటలే. వారి సద్భావమును నేను శంకింపను. కాని ఆ రెండింటితోను నేను ఏకీభవింపజాలకున్నాను. కారణములను ఈ పత్రికాముఖమున విన్నవించుకొనుట నా విధి యని తలచుచున్నాను.

మొదట చదువు మాట. ఆట మాన్పింపవలెననువారి ఆందోళన అకారణమైనది కాదు. తమిళమును నిర్బంధముగా నేర్పవలెనను 2006 నాటి చట్టము వచ్చిన తరువాత, మన పిల్లలకు తెలుగు, ఇంగ్లీషులతో పాటు తమిళము కూడ పరీక్షాభాష యగు స్థితి యేర్పడినది. భాషా మైనారిటీ విద్యార్థులకు మినహాయింపు కావలెనని న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. 2023 లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఒక యేడు పొడిగించినది. ఇట్లు మూడు భాషల బరువు మోయు బాలునకు సాయంకాలము గంటన్నర కాలము ఆటలో గడచిపోవుట తల్లికి నష్టముగా తోచుట సహజము.

అయినను ఒక లెక్క వేసి చూడుడు. సాయంకాలము నాలుగున్నర నుండి ఆరు గంటల వరకు ఆడని పిల్లవాడు ఆ వేళ చదువుచున్నాడా? ఇంటింటను విచారించినచో చాలచోట్ల దొరకు సమాధానము ఒక్కటే: చేతిలో సెల్‌ఫోను. ఐ.పి.యల్. పోటీలు జరుగు రోజులలో ఒక్కొక్క ఆటను చూచుటకు మూడున్నర గంటలు పట్టుచున్నది. ఆడు బాలునకు గంటన్నర చాలును. చూచు బాలునకు రాత్రి సగము పోవును. అంతటితో ఆగక, ఏ ఆటగాడు ఎన్ని పరుగులు తీయునో ఊహించి డబ్బొడ్డు వ్యసనము ఇండ్లలో ప్రవేశించినది. దాని కీడు ఎంతవరకు పోయినదనగా, డబ్బుతో నడచు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేయవలసి వచ్చినది. కాబట్టి పెద్దలు కొడుకును ఆటస్థలమునుండి పిలుచుకొని వచ్చునపుడు, వానిని పుస్తకమునకు అప్పగించుచున్నారో, తెరకు అప్పగించుచున్నారో ఒక్కసారి ఆలోచింపవలెను.

మరియొక మాట. తమిళము రాదని ట్యూషనునకు రుసుము చెల్లించు తల్లిదండ్రులు మనలో కొందరున్నారు. పొరుగు వీథి తమిళ బాలురతో నెలరోజులు ఆడిన పిల్లవాడు ఆ భాషలో వాదింపగలడు, బ్రతిమాలగలడు, ఎదుటివారిని నవ్వింపగలడు. ఆటస్థలము రుసుము లేని భాషాపాఠశాల. ఇది నేను తరగతిలో ప్రతిదినము చూచు విషయము. తమిళ వాచకము చదువుటలో తడబడువారిలో ఎక్కువమంది ఇల్లు వదలని పిల్లలే గాని, ఆడు పిల్లలు కారు.

ఆట పేరున చదువు మానినవానిని నేను సమర్థింపను. అట్టివారు ఉన్నారు. వారి మనస్సులలో ఒక మిథ్యాలోకము ఉన్నది. ఆ లోకములో ప్రతి బ్యాటును దేశపు జట్టునకు దారి తీయును. ఆ దారి ఎట్టిదో దాచక చెప్పుట మంచిది.

తమిళనాడులో బాలుర క్రికెట్టునకు మెట్లు స్పష్టముగా ఉన్నవి. వీథి మొదటి మెట్టు, పాఠశాల రెండవది. ఆపైన జిల్లా క్రికెట్టు సంఘము నడపు లీగు పోటీలు. జిల్లాకు ఎంపికైనవారు 14, 16, 19 ఏండ్ల లోపువారికి వేరువేరుగా జరుగు అంతర్జిల్లా పోటీలలో ఆడుదురు. వానిలో రాణించినవారికి రాష్ట్రపు జట్టు. రాష్ట్రముల నడుమ 16 ఏండ్ల లోపువారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, 19 ఏండ్ల లోపువారికి కూచ్ బిహార్ ట్రోఫీ, 23 ఏండ్ల లోపువారికి కర్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ జరుగుచున్నవి. తమిళనాడులో 38 జిల్లాలు ఉన్నవి. ఒక వయోవర్గమునకు రాష్ట్రపు జట్టు ఒక్కటే. దానిలో చోటు సుమారు పదునైదుగురికి. ఈ లెక్క తెలిసిన బాలుడు నిరాశ చెందనక్కరలేదు. కాని పాఠ్యపుస్తకమును అటకమీద పెట్టనుగూడదు.

విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాపై శతకము చేసినపుడు, కొడుకు ఆట కొరకు ఉద్యోగము మానుకొనిన తండ్రి ప్రేక్షకుల నడుమ కన్నీరు కార్చెను. ఆ దృశ్యమును చూచి మనమందరము సంతోషించితిమి. ఆ తండ్రి త్యాగము గొప్పది. కాని ప్రతి తండ్రియు అట్లు చేయవలెనని నేను చెప్పను. అట్టి త్యాగము చేసియు ఫలము పొందని తండ్రులు వార్తాపత్రికల కెక్కరు. బిడ్డ ఆటకు ఇంటి బ్రతుకును పందెముగా ఒడ్డనక్కరలేదు. సాయంకాలము గంటన్నర ఇచ్చిన చాలును.

మరి పైమెట్టు ఎక్కని పిల్లలు ఎందులకు ఆడవలెను? ఈ ప్రశ్నకు మన పూర్వుల చరిత్రలోనే సమాధానము ఉన్నది.

క్రికెట్టు తెల్లదొరలు తెచ్చిన ఆట. కాని దక్షిణదేశమున దానిని భారతీయుల ఆటగా చేసినవాడు, మనవలెనే తెలుగునాడు విడిచి తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములో పుట్టినవాడు. ఆయన మోతవరపు వెంకట మహీపతి నాయుడు. లోకమునకు బుచ్చిబాబు నాయుడుగా పరిచితుడు. 1868 లో జన్మించెను. ఆనాటి మద్రాసు క్రికెట్టు క్లబ్బు యూరపియనులది. 1846 లో స్థాపితమైనది. అందు భారతీయులకు సభ్యత్వము లేదు. బుచ్చిబాబు అర్జీలు పెట్టుకొనుచు కూర్చుండలేదు. 1888 లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, తన సొమ్ముతో ఆటసామగ్రి కొని ఇచ్చి, ఆడనేర్చిన భారతీయుల నొక తరమును సిద్ధపరచెను. పిదప యూరపియనులకును భారతీయులకును పోటీ ఏర్పాటు చేసెను. 1908 లో ఆ పోటీ జరుగనున్న దినములలోనే ఆయన కన్నుమూసెను. తాను ఏర్పరచిన ఆటను తాను చూడలేదు. కాని ఆయన తెరచిన ద్వారము మరల మూతపడలేదు. ఆయన కుమారులలో ఒకడైన కోట రామస్వామి 1922 లో డేవిస్ కప్ టెన్నిసు పోటీలలోను, 1936 లో టెస్టు క్రికెట్టులోను భారతదేశము తరపున ఆడెను. బుచ్చిబాబు పేర చెన్నపట్టణము కేంద్రముగా నడచు పోటీ నేటికిని కొనసాగుచున్నది.

రెండవవాడు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31 న నాగపురమున, అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించెను. 1926 లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన యం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేయుచు 11 సిక్సరులు కొట్టెను. 1932 జూనులో భారతదేశము లార్డ్స్ మైదానమున తన మొట్టమొదటి టెస్టు ఆడినపుడు జట్టునకు నాయకుడు ఆయనయే. ఆ నాయకత్వము ఆయనకు లభించిన విధము గమనింపదగినది. ఆ యాత్రకు నాయకుడుగా నియమితుడైనవాడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డి రాజకుమారుడు. ఆనాడు పుట్టుకకే పెద్దపీట. కాని టెస్టు దినము వచ్చునప్పటికి, ఆట తెలిసినవాడు ముందు నడువవలెనను సత్యమును తోసివేయుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలియు, మొదటి ఇన్నింగ్సులో మన జట్టులో అందరికంటె ఎక్కువగా 40 పరుగులు చేసినవాడు నాయుడే. 1956 లో పద్మభూషణము పొంది, 1967 లో ఇందూరున దివంగతుడయ్యెను. యువకుల పోటీకి ఆయన పేరు పెట్టినది 1973-74 లో.

ఈ మహనీయుల పేర్లను మన గొప్ప చెప్పుకొనుటకు తలచుట లేదు. ఇద్దరును తెలుగునాడు వెలుపల పెరిగిరి. ఇద్దరును పరభాషల నడుమ బ్రతికిరి. ఏ ఒక్కరును తమవారితో మాత్రమే ఆడుదుమనలేదు. తెలుగువారై యుండి, దేశమంతటికి చెందిరి. ఈ సంగతిని మనస్సునందుంచుకొని రెండవ అభిప్రాయమును పరిశీలింతము.

తెలుగు పిల్లలకు వేరు జట్టు కావలెనని కోరువారు చెప్పు కారణము ఇది: తమిళ బాలురతో కలిసి ఆడిన మన పిల్లలు తెలుగు మరచుచున్నారు, సొంత జట్టు ఉన్నచో ఐకమత్యము పెరుగును, భాష నిలుచును. వినుటకు ఇది న్యాయముగానే ఉన్నది. కాని పుట్టుకనుబట్టి జట్లను కూర్చు పద్ధతిని మన దేశము ఒకప్పుడు పరీక్షించి చూచినది. బొంబాయిలో యూరపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేరువేరు జట్లుగా ఆడు చతుర్భుజ పోటీ జరిగెడిది. 1937 నుండి ఇతరులను ఐదవ జట్టుగా చేర్చిరి. వేలకొలది జనము మూగెడివారు. ఆట కూడ ఉత్తమమైనదే. అయినను 1940 డిసెంబరులో మహాత్మాగాంధి మతమునుబట్టి జట్లను విభజించుట తగదని స్పష్టముగా తెలిపెను. 1946 లో ఆ పోటీలను నిలిపివేసిరి. 1934 లో ప్రారంభమైన రంజీ పోటీలు నేటికిని నిలిచియున్నవి. ఏలయనగా అవి ఒక ప్రాంతమున నివసించువారందరిని ఒక జట్టుగా కూర్చినవి.

అంతకంటె ముఖ్యమైన పాఠము ఆ హిందూ జట్టులోనే ఉన్నది. పాల్వంకర్ బాలూ అను బౌలరు ఆ కాలమున మహాప్రతిభాశాలి. 1911 లో భారతీయ జట్టుతో ఇంగ్లండునకు వెళ్లి నూరింటికి పైగా వికెట్లు తీసెను. ఆయన దళిత కుటుంబమున పుట్టినవాడగుటచే, పూనాలో ఆడు దినములలో ఆయనకు తేనీరు వేరు పాత్రలో, పెవిలియను వెలుపల ఇచ్చెడివారు. హిందూ జట్టునకు నాయకత్వము ఆయనకు ఎన్నడును ఇయ్యలేదు. పుట్టుకనుబట్టి గీసిన గీత ఒక్క గీతతో ఆగదని దీనివలన తెలియుచున్నది. నేడు తెలుగువారికి వేరు జట్టు అందుము. రేపు, తెలుగువారిలో ఏ తెలుగువారు అను ప్రశ్న వచ్చును. కోయంబత్తూరులోను మధురలోను మన పేటల సంగతి ఎరిగినవారికి ఈ మాటను నేను విడమరచి చెప్పనక్కరలేదు. పదునొకండుగురు పిల్లలు ఒకరి చేతి నీరు ఒకరు త్రాగుచు ఆడు స్థలమునకు ఆ ప్రశ్నను మనము కొనిపోరాదు.

ఇక భాష మరచుచున్నారను మాట. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశమున. అచ్చటి బాలుర ఆటలో వినబడునవి ఏ మాటలు? బౌలింగు, ఫీల్డింగు, ఓవరు, వైడు, రనౌటు. అన్నియు ఇంగ్లీషు మాటలే. అంతమాత్రమున అచ్చట తెలుగు నశింపలేదు. ఇంటికి పోయిన పిదప ఆ బాలుడు తల్లితో తెలుగున మాటలాడును. అందుచే భాష నిలిచినది. మన పిల్లవాడు మైదానమున ‘పోడుడా’ అని బంతిని అడిగిన దోషము లేదు. ఇంటికి వచ్చి ‘నైనా, ఈ దినము నాలుగు వికెట్లు తీసితిని’ అని చెప్పగలిగిన చాలును. అట్లు చెప్పునపుడు తండ్రి తెలుగున వినుచున్నాడా, తమిళమున బదులు చెప్పుచున్నాడా అనునదియే అసలు ప్రశ్న. తిరుమల నాయకుని కాలమునకు ముందునుండియు మన పూర్వులు ఈ నేలమీద తెలుగును నిలుపుకొని వచ్చిరి. వారు పొరుగువారిని దూరముంచి దానిని నిలుపలేదు. ఇంటి గడపలోపల దానిని వాడుకొని నిలిపిరి.

పొరుగువారితో కలసి ఆడిన ఫలము ఎట్టిదో చూపుటకు ఇటీవలి ఉదాహరణ ఒకటి చెప్పుదును. 2025 లో మలేసియాలో జరిగిన 19 ఏండ్ల లోపు బాలికల ప్రపంచకప్పును భారతదేశము గెలిచినది. ఆ జట్టు తరపున మొదట బ్యాటు పట్టి దిగిన ఇద్దరిలో ఒకతె గొంగడి త్రిష, భద్రాచలము బిడ్డ. రెండవది జి. కమలిని, మధుర బిడ్డ. స్కాట్లండుపై త్రిష 110 పరుగులు చేసి అజేయముగా నిలిచెను. ఆ ప్రపంచకప్పు పోటీల చరిత్రలో అదియే మొదటి శతకము. అదే ఆటలో కమలిని 51 పరుగులు చేసెను. ఒకతె రాముని క్షేత్రమునుండి, మరియొకతె మీనాక్షి క్షేత్రమునుండి వచ్చి, ఒకే పిచ్చిపై ఎదురెదురుగా నిలిచి పరుగు కొరకు ఒకరినొకరు నమ్మి పరుగెత్తిరి. పరుగు తీయు ఇద్దరిలో ఒకరు సందేహించినచో రెండవవారు అవుటగుదురు. ఇరుగుపొరుగు బ్రతుకునకు ఇంతకంటె మంచి పాఠమును నేను ఏ వాచకమునను చూడలేదు.

ఈ ఉదాహరణము చెప్పుటలో నాకు మరియొక ఉద్దేశము కలదు. మన సభలో జరిగిన వాదమంతయు ‘బాలుర’ ఆటను గూర్చియే. బాలికల మాట ఒక్కరును ఎత్తలేదు. కడప జిల్లా యెర్రమల్లె గ్రామమునుండి వచ్చిన శ్రీచరణి ఎడమచేతి స్పిన్ బౌలరుగా 2025 నవంబరు 2 న నవీ ముంబయిలో ప్రపంచకప్పు గెలిచిన భారత మహిళల జట్టులో ఉండెను. తమిళ కుటుంబమున పుట్టి సికిందరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ ఏండ్ల తరబడి దేశపు జట్టునకు నాయకురాలై యుండెను. తెలుగునేల ఒక తమిళ బిడ్డను అట్లు పెంచినపుడు, తమిళనేలమీది తెలుగు బిడ్డలు ఎందులకు వెనుకబడవలెను? మన బాలికలు మధ్యాహ్న విరామమున వరండాలో కూర్చుండి బాలుర ఆటను చూచుచుందురు. వారికి బ్యాటు ఇచ్చువారు లేరు. తల్లులారా, ఈ విషయమున మీరు పలుకవలెను. మీరు అడిగిన గాని ఇది జరుగదు.

పాఠశాలయే ఆట నేర్పవలెనని నేను పట్టుబట్టుటకు బలమైన కారణము కలదు. పాఠశాల విడిచిపెట్టిన ఆట, డబ్బు గలవారి సొత్తగును. క్రికెట్టు పుట్టిన ఇంగ్లండులోనే ఇది జరిగినది. అచ్చట ప్రభుత్వ పాఠశాలలలో ఆట క్షీణించి, రుసుము పుచ్చుకొను పాఠశాలలలోనే వర్ధిల్లినది. ఆ లోటు తీర్చుటకు 2005 లో ‘ఛాన్స్ టు షైన్’ అను ధర్మసంస్థను స్థాపించి, ఆటను మరల ప్రభుత్వ పాఠశాలలకు కొనిపోవలసి వచ్చినది. అయినను 2023 జూనులో వెలువడిన ఒక స్వతంత్ర సంఘపు నివేదిక, ఆ దేశపు క్రికెట్టులో జాతిభేదము, స్త్రీపురుష భేదము, ధనికదరిద్ర భేదము ఇంకను వేళ్లూనియున్నవని తేల్చినది. మన నగరములందు కూడ రుసుము పుచ్చుకొను శిక్షణాలయములు వెలసినవి. వానిని నేను నిందింపను. కాని మగ్గము నేయువాని కొడుకునకు, మిల్లు కూలివాని కూతురునకు ఆ ద్వారము తెరువబడదు. వారికి ఉన్నది పాఠశాల ఒక్కటే.

ఆ బీద బిడ్డ ఎంతవరకు పోగలడో సేలము సమీపమున చిన్నప్పంపట్టి గ్రామపు టి. నటరాజన్ చూపెను. ఆయన ఇరువది యేండ్లు వచ్చువరకు టెన్నిసు బంతితోనే ఆడినవాడు. 2020-21 ఆస్ట్రేలియా యాత్రలో మూడు విధముల క్రికెట్టులోను భారతదేశము తరపున ఆడెను. పిదప తన గ్రామములోనే పిల్లల కొరకు మైదానము నిర్మించెను. 2023 లో అది ప్రారంభమైనది. తాను ఎక్కిన మెట్టును తరువాతివారికి విడిచిపోయెను. మన కోయంబత్తూరులోను ఇట్టి ధర్మము కొత్తది కాదు. పి.యస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని ఐదు భాగములుగా చేసి, ఐదవ భాగమును లోకోపకారమునకు కేటాయించి 1926 లో ధర్మసంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ విద్యాలయములందు అన్ని కులములవారును, అన్ని భాషలవారును చదువుచున్నారు; ఆడుచున్నారు. తెలుగువారు ఈ నేలకు ఇచ్చిన ఉత్తమమైన కానుకలు ‘సర్వజన’ అను పేరుతోనే వెలసినవి గాని, ‘మనవారికి మాత్రమే’ అను పేరుతో కాదు.

ఆట నేర్పు సభ్యతను గూర్చి కూడ ఒక మాట. 2022 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ అంతిమ పోటీ మన కోయంబత్తూరులోనే జరిగినది. పశ్చిమ మండలపు యువకుడు యశస్వి జైస్వాల్ ఆ ఆటలో 265 పరుగులు చేసినవాడు. దక్షిణ మండలము తరపున బ్యాటు చేయుచున్న హైదరాబాదు ఆటగాడు రవితేజను అతడు మాటిమాటికి మాటలతో వేధించుచుండగా అంపైర్లు హెచ్చరించిరి. అతడు మానలేదు. అప్పుడు అతని నాయకుడైన అజింక్య రహానే తన జట్టు ఆటగానిని తానే మైదానమునుండి వెలుపలికి పంపెను. పరుగుల రాశి పోసినవాడని ఉపేక్షింపలేదు. కొంతసేపటికి జైస్వాల్ తిరిగివచ్చి బుద్ధిగా ఆడెను. పశ్చిమ మండలము గెలిచెను. తనవాడు తప్పు చేసినపుడు తానే దిద్దుట నాయకత్వము. సంఘములకును ఈ మాట వర్తించును.

కావున నేను కోరునవి ఇవి.

మొదటిది: పదవ తరగతివారికి కూడ వారమునకు మూడు దినములు సాయంకాలము ఆట ఉండవలెను, అర్ధసంవత్సర పరీక్షల పిదప రెండు దినములకు తగ్గింపవచ్చును. పాఠము అప్పగింపని దినమున ఆ పిల్లవానికి ఆట లేదు. ఈ నియమమును నేనే అమలుపరచెదను.

రెండవది: జట్టు తెలుగు పేర నుండరాదు, పాఠశాల పేర నుండవలెను. మన ఉన్నత తరగతుల సంఖ్య తగ్గిపోవుచున్నది. జట్టు నిండనిచో పొరుగు తమిళ పాఠశాలతో కలసి ఒక జట్టును కూర్చుకొందము. మధురలోని మన సోదర పాఠశాలలు అచ్చటి సౌరాష్ట్ర బాలురను కూడ ఆహ్వానింపవచ్చును. సంఘములవారు పోటీలు నడపదలచినచో సంతోషమే. ద్వారము అందరికిని తెరచి నడుపవలెనని ప్రార్థన.

మూడవది: బాలికలకు వారమునకు రెండు దినములు మైదానమును పూర్తిగా ఒప్పగింపవలెను. మిగిలిన చోటు ఉన్నప్పుడు కాదు; నియతముగా.

నాలుగవది: దేహరక్షణ. పెద్దలు ఆడు తోలుబంతి బరువు 156 నుండి 163 గ్రాములు. 13 ఏండ్ల లోపువారికి తేలికబంతి వేరుగా కలదు. మన పిల్లలకు ఆ వయస్సు వరకు టెన్నిసు బంతి చాలును. తోలుబంతి పట్టు దినమునుండి శిరస్త్రాణము లేనిదే ఎవరిని బ్యాటు చేయనీయరాదు. ఒక్కొక్కరు కొనలేనిచో పాఠశాల తరపున నాలుగింటిని కొందము. మార్చి మార్చి ధరింతురు.

ఐదవది: వయస్సు విషయమున అసత్యము కూడదు. పోటీలలో చిన్నవాడుగా చూపుటకు జన్మపత్రమును దిద్దించు అలవాటు కొందరిలో కలదు. 16 ఏండ్ల లోపు పోటీలకు మణికట్టు ఎముకలను ఎక్స్‌రే తీసి వయస్సును నిర్ణయించు పద్ధతి నేడు అమలులో ఉన్నది. ఎముక అబద్ధమాడదు. తండ్రియు ఆడరాదు.

ఆరవది, తెలుగు ఉపాధ్యాయుడుగా నాకు ప్రియమైనది: స్కోరు పుస్తకమును తెలుగున వ్రాయుదము. ఆటగాండ్ర పేర్లు, బౌల్డు, క్యాచి, రనౌటు మొదలగు వివరములన్నియు తెలుగు లిపిలో ఉండవలెను. ఎదుటి జట్టు తమిళ బాలుర పేర్లు కూడ మన లిపిలోనే వ్రాసి, ఆట ముగిసిన పిదప వారికి చదివి వినిపింపవలెను. ప్రతి పోటీని గూర్చి ఒక విద్యార్థి ఈ పత్రికకు ఒక పుట వ్రాయవలెను. ఏ బంతికి ఎవరు అవుటైరి, ఎవరు క్యాచి జారవిడిచిరి, ఎవరు ఎదుటివారిని మెచ్చుకొనిరి అని ఉన్నది ఉన్నట్లు వ్రాసిన చాలును. వ్యాసము వ్రాయుమనగా పారిపోవు బాలుడు తాను ఆడిన ఆటను గూర్చి నాలుగు పుటలు వ్రాయును. మాతృభాష వ్రాతలో నిలుచుటకు, వ్రాయదగిన బ్రతుకు ఉండవలెను గదా.

విద్యార్థులారా, మీలో ఎవరు పైమెట్లు ఎక్కుదురో నేనెరుగను. ఎక్కినను ఎక్కకున్నను, ఈ మైదానమున మీరు నేర్చునవి మీతో వచ్చును: అంపైరు వేలెత్తినపుడు నోరు మెదపక నడచిపోవుట, ఓడిన దినమున ఎదుటివాని చేయి పట్టుట, తనకంటె బాగుగా ఆడువాడు ఏ ఇంటివాడైనను వానికి ముందు చోటిచ్చుట. వచ్చు శనివారము ఉదయము ఏడు గంటలకు పొరుగు పాఠశాలవారితో ఆట ఉన్నది. స్కోరు పుస్తకము నా బల్లమీద ఉంచితిని. దానిని వ్రాయదలచినవారు, బాలికలైనను బాలురైనను, శుక్రవారము సాయంకాలములోగా వచ్చి పేరు చెప్పుడు.